ఇల్లు కాలిన పిమ్మట: కుటుంబమును, ఇంటి కుక్కలను తిరిగి నిలుపు విధము

“ఇల్లు కాలి యొకడేడ్చుచుండ, చుట్టకు నిప్పిమ్మని యొకడు వచ్చినాడట” అని మన పెద్దలు సామెత చెప్పుదురు. పరుల దుఃఖము చూచువానికి ఎంత త్వరగా అలవాటైపోవునో ఈ సామెత తెలుపుచున్నది. ఇల్లు తగులబడిన దినమున ఊరంతయు కూడును. బిందెలతో నీళ్లు పోయును. పిల్లలకు అన్నము పెట్టును. మూడవ దినమునకు ఎవరి పనులకు వారు పోవుదురు. ఆ కుటుంబము తిరిగి తన కప్పు క్రింద నిదురించుటకు మాత్రము నెలలు పట్టును. ఆ నెలలలో దానికి తోడుగా నిలువవలసినది గ్రామ పంచాయతీ. ఆ పని క్రమముగా చేయుట యెట్లో తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఆదిలాబాదు జిల్లాలోని ఇచ్చోడ ప్రాంతమును ఉదాహరణముగా గ్రహింతము. నిర్మలునుండి ఆదిలాబాదు పోవు 44వ జాతీయ రహదారిపై నున్న ఇచ్చోడ పూర్వము బోథు తాలూకాలోనిది. చుట్టును నల్లరేగడి భూములు, గుట్టలు, అడవులు. తెలుగు, గోండి, మరాఠీ, లంబాడీ మాట లాడువారు కలసిమెలసి నివసించు సీమ యిది. ప్రత్తి, సోయా, కంది ఇచటి ముఖ్యమైన పంటలు. శీతకాలమున రాత్రుల చలి మిక్కిలి తీవ్రముగా నుండును. వేసవిలో ఎండ 45 డిగ్రీల వరకు పోవును. చలికాలమున చలిమంటలు, అదే కాలమున ఇంటినిండ ప్రత్తి; వేసవిలో ఎండిన చొప్ప, వేడిగాలి, ఇప్పపూవు ఏరుటకై చెట్లక్రింద ఆకులకు పెట్టు నిప్పు. ఇట్లు సంవత్సరములో రెండు కాలములయందు ఈ సీమలోని గూడెములకు అగ్నిభయము కలదు.

పాఠమునకు ఒక యిల్లు

విషయము సులభముగా బోధపడుటకై మన మొక యింటిని ఊహించుకొందము. వెదురు తడకలకు మట్టి మెత్తిన గోడలు. ముందు గూన పెంకల కప్పు. వెనుక గడ్డి కప్పిన కొట్టము. లోపలి గదిలో ధర పెరుగునని నిలువచేసిన ప్రత్తి. మూలను పురుగుమందు సీసాలు. దూలమునకు వ్రేలాడుచున్న సంచిలో పట్టా పుస్తకము, రేషను కార్డు, పిల్లల మార్కుల పత్రములు. వాకిట రెండు కుక్కలు. ఒకటి ముసలిది, రాత్రి చేనికి కావలిపోవునది. రెండవది ఈనినది, దాని పిల్లలు గుమ్మి చాటున నున్నవి. ఒక రాత్రి చలిమంటనుండి రేగిన నిప్పురవ్వ కొట్టముమీద పడి ఇల్లంతయు కాలిపోయినది. మనుష్యులు బ్రతికిరి. ముసలి కుక్క గొలుసు ఎవరో విప్పిరి. అది చీకటిలో పారిపోయినది. ఈనిన కుక్క పిల్లలకొరకు లోపలికి దూకి కాళ్లు కాల్చుకొని బయటపడినది.

ఇట్టి సందర్భమున పంచాయతీ సభ్యుడు మనుష్యులను, పశువులను, కాగితములను గూర్చి ఆలోచించును. కుక్కలను గూర్చి ఆలోచించుట యరుదు. కాని గోడలు లేని కుటుంబమునకు కుక్కయే గోడ. బయట గుడారములో పరుండిన పిల్లలవద్దకు పాము వచ్చినను, మిగిలిన గింజలకొరకు దొంగ వచ్చినను, చేనిలో అడవిపంది పడినను ముందుగా తెలుపునది అదియే. దాని నూరక విడిచినచో బెదరి వీధికుక్కల గుంపులో కలియును. ఆకలితోను భయముతోను ఎవరినో కరచును. పిమ్మట ఊరివారు దానిని కొట్టి చంపుదురు. అప్పుడా కుటుంబమునకు రెండవ నష్టము, ఊరికి క్రొత్త ప్రమాదము కలుగును. కావున కుక్కల సంరక్షణము పునర్నిర్మాణములో నొక భాగమే.

మొదటి గంటలు

మంట కనబడగానే 101 కు గాని 112 కు గాని ఫోను చేయవలెను. గాయపడినవారికొరకు 108. ఫోను చేయువాడు గూడెము పేరు, రహదారినుండి దారి, దారిలో ట్రాక్టరు తిరుగునో లేదో స్పష్టముగా చెప్పవలెను. ఒక మనిషిని రహదారి మలుపువద్ద లాంతరుతో నిలుపుట మంచిది. విద్యుత్తు ఆపించినగాని నీళ్లు పోయరాదు. పశువుల పలుపులను విప్పుటకు జాగు చేయక కోసివేయవలెను. కుక్కల గొలుసులును అట్లే తీయవలెను.

కాలిన గాయముపై చల్లని నీటిని 20 నిమిషములు ధారగా పోయుటయే ఉత్తమమైన ప్రథమ చికిత్స. సిరా, పసుపు, పండ్లపొడి, నూనె, పేడ మొదలగునవి పూయరాదు. అవి గాయమును చెరచి వైద్యుని పని కష్టము చేయును.

కుక్కలకును ఇదియే సూత్రము. కాలిన పాదములపై చల్లని నీరు పోయవలెను గాని మంచుగడ్డ పెట్టరాదు. నూనెలు, మందులు పూసినచో అది నాకి మ్రింగును. బాధచే తన యజమానునే కరచుట సంభవము కావున దుప్పటితో కప్పి పట్టుకొనవలెను. అయితే ఊపిరి కష్టముగా నున్న కుక్కకు మూతి కట్టరాదు. మనుష్యులు వాడు నొప్పి మాత్రలు కుక్కలకు ఈయరాదు. వానిలో కొన్ని విషప్రాయములు. పొగ పీల్చిన జంతువు మొదట బాగుగనే కనబడి మరుసటి దినమున దగ్గు, ఎగశ్వాస, నీరసములతో పడిపోవచ్చును. అందుచే రెండు మూడు దినములు దానిని నీడలో నిశ్శబ్దముగా నుంచి గమనింపవలెను. 1962 సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చును.

ప్రత్తి కాలిన యింట మరియొక జాగ్రత్త కలదు. ప్రత్తి పైకి ఆరినట్లు కనబడినను లోపల దినముల తరబడి రగులుచుండును. కుప్పను లాగి, పలుచగా పరచి, బాగుగ తడిపినగాని ఆరినట్లు భావింపరాదు. పురుగుమందు సీసాలు పగిలిన చోట నిలిచిన మడుగు విషము. కాలిన యింటి మడుగులో నీరు త్రాగి పశువులు, కుక్కలు చచ్చిన యెడల అది అగ్నిదోషము గాక మన అజాగ్రత్త దోషమగును. అట్టి మడుగును మట్టితో పూడ్చి చుట్టును ముండ్లకంప వేయింపవలెను. తడిసిన బూడిద కారముగలది. మేకులు, గాజు పెంకులు అందు దాగియుండును. పిల్లలను, కుక్కలను దానిలోనికి పోనీయరాదు. పగిలిన సిమెంటు రేకుల దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేయును గనుక తడిపి, మూతికి గుడ్డ కట్టుకొని ఎత్తివేయవలెను.

పంచనామాలో ఒక మాట విలువ

బూడిద ఎత్తకముందే పంచనామా జరుగవలెను. తహసీలుదారుకు వ్రాతపూర్వకముగా తెలిపి, గ్రామ పాలనాధికారి, గిర్దావరు వచ్చువరకు స్థలమును మార్చక, నాలుగు దిక్కులనుండి ఫోటోలు తీయింపవలెను. పోలీసు ఠాణాలో సమాచార మిచ్చి ప్రతి తీసికొనవలెను. అగ్నిమాపక శాఖనుండి ధ్రువపత్రమును కోరవలెను. గ్యాసు బండచే ప్రమాదము జరిగినచో ఆ పంపిణీదారునకు వెంటనే వ్రాసి ఈయవలెను. చమురు సంస్థలు ఇట్టి ప్రమాదములకు బీమా చేసియుండును.

కేంద్ర ప్రభుత్వము విపత్తు సహాయ నిధులక్రింద గుర్తించిన విపత్తులలో అగ్నియు నొకటి. 2022-23 నుండి 2025-26 వరకు అమలునకై ప్రకటింపబడిన నియమముల ననుసరించి మైదాన ప్రాంతమున పూర్తిగా నశించిన యింటికి, అది పక్కాది యైనను కచ్చాది యైనను, రు. 1,20,000, కొండ ప్రాంతమున రు. 1,30,000. గుడిసె నశించినచో రు. 8,000 మాత్రమే. పశువుల కొట్టమునకు రు. 3,000. బట్టలకు రు. 2,500, వంటపాత్రలకు రు. 2,500. మనిషి మరణించినచో కుటుంబమునకు రు. 4,00,000.

సభ్యులు ఈ అంకెలను మరియొకసారి చదువవలెను. “కచ్చా ఇల్లు” అని వ్రాసినచో లక్ష ఇరువది వేలు. “గుడిసె” అని వ్రాసినచో ఎనిమిది వేలు. ఒక్క మాటలో నూటపండ్రెండు వేల రూపాయల భేదము! మన పాఠములోని ఇంటికి మట్టి గోడలున్నవి, తలుపున్నది, పెంకల కప్పున్నది. వెనుక కొట్టము మాత్రమే గడ్డిది. అంతయు కాలి బూడిదయైన పిమ్మట వచ్చిన అధికారికి గడ్డి బూడిద, వెదురు బొగ్గులు కనబడును. ఆ యిల్లు ఎట్లుండెనో చెప్పగలవారు పొరుగువారు, ఆ వార్డు సభ్యుడు. పగిలిన పెంకలను, గోడ పునాదిని చూపి, నిజమును నిజముగా వ్రాయించుట సభ్యుని విధి. లేనిది ఉన్నట్లు వ్రాయించుట తప్పు. ఉన్నది లేనట్లు పోనిచ్చుట అంతకన్న తక్కువ తప్పు కాదు.

ఇంకొక నియమము: నశించిన యిల్లు అధికారముగల వారిచే ధ్రువీకరింపబడిన కట్టడమై యుండవలెను. కావున పంచాయతీ గృహముల పట్టికలో ఆ యింటి పేరు, సంఖ్య, పన్ను రసీదు ఉండుట అవసరము. పన్ను వసూలుకొరకే ఈ పట్టిక అని చాలమంది తలతురు. ఆపత్కాలమున అదియే ఆ కుటుంబమునకు సాక్షి.

పశునష్టమునకును నియమములు కలవు: ఆవు లేక గేదెకు రు. 37,500, ఎద్దునకు రు. 32,000, దూడకు రు. 20,000, మేక లేక గొఱ్ఱెకు రు. 4,000, కోడికి రు. 100. వీని సంఖ్యకు పరిమితి కలదు. కళేబరములను పూడ్చుటకు ముందు పశువైద్యుని ధ్రువీకరణము పొందవలెను. ఈ పట్టికలో కుక్కకు పంక్తి లేదు. పాలిచ్చు పశువులు, దున్ను పశువులు, కోళ్లు మాత్రమే అందు చేరినవి. కావున కుక్క చికిత్సకు, మేతకు అగు కొలది ఖర్చు ఊరి ఔదార్యముమీద ఆధారపడియున్నది. సభ్యులు ఈ సంగతి నెఱిగి, చందాల జాబితా వ్రాయునప్పుడు ఆ పంక్తిని తామే చేర్చవలెను.

కాగితములు, నోట్లు

కాలిన కాగితములకొరకు దిగులుపడ నవసరము లేదు. వానిలో చాలభాగము మరల పొందవచ్చును. ఆధారు సంఖ్య వ్రేలిముద్రలచే తెలియును. రేషను దుకాణమునను వ్రేలిముద్రపై బియ్యము ఇత్తురు గనుక కార్డు కాలినంత మాత్రమున కుటుంబము పస్తుండరాదు. భూమి వివరములు ప్రభుత్వ లెక్కలలో నున్నవి. 2025 నుండి భూభారతి ద్వారా వానిని చూడవచ్చును. పాఠశాల పత్రములకొరకు ప్రధానోపాధ్యాయుని ద్వారా దరఖాస్తు చేయవలెను. ఈ దరఖాస్తు లన్నిటికిని పోలీసు ఠాణాలో పొందిన ప్రతి ఆధారము. ఒక సభ్యుడు ఒక దినము వెంటబెట్టుకొని మీసేవా కేంద్రమునకు పోయినచో, చదువురాని గృహస్థుడు పది దినములు తిరుగు శ్రమ తప్పును.

కాలిన నోట్లను విదిలింపక, మడతలు విప్పక, గట్టి పెట్టెలో దూదిమీద నుంచవలెను. కొంచెము చినిగిన నోట్లను బ్యాంకులు మార్చును. బొగ్గువలె మాడి పెళుసైనవానిని సాధారణ బ్యాంకు శాఖలు తీసికొనవు. రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయమునకు, అనగా మనకు హైదరాబాదునకు, పోవలెను. బంగారము, వెండి కరగి బూడిదలో నుండును. కావున ఆ బూడిదను జల్లెడ పట్టినగాని పారబోయరాదు.

తాత్కాలిక నివాసము

ఇల్లు కాలిన కుటుంబమునకు బడిలోనో, సంఘ భవనములోనో, బంధువుల ఇంటనో చోటు దొరకును. ఆ చోట తరచుగ వినబడు మాట: “మీరు రండు, కుక్కలు వలదు.” ఇట్లు చెప్పువారిని నిందింపరాదు, వారికిని పిల్లలు, కోళ్లు ఉందురు. అయితే దీనికి పరిష్కారము సులభము. కాలిన స్థలమునకు దూరముగా, కుటుంబము నిదురించు చోటికి కనబడునంత దగ్గరగా, నీడగల చోట నాలుగు గుంజలు పాతి ఒక చిన్న పందిరి వేయించుట ఒక పూట పని. వేసవిలో రేకు కప్పు కాగి జంతువు సొమ్మసిల్లును గనుక ఆకులతోనో చొప్పతోనో కప్పి, వంట పొయ్యికి దూరముగా నుంచవలెను. నీళ్ల కుండ తప్పక యుండవలెను. ఈనిన కుక్కకు మరుగైన చోటు, మెత్తని గోనె కావలెను. దాని పిల్లలను ఇతరులు తాకనీయరాదు.

పారిపోయిన కుక్కను వెదకుటకు మంచి వేళ తెల్లవారుజాము. అది దూరము పోదు. తఱచుగ తన చేనిలోనో, వాగు గట్టుననో దాగును. నలుగురు కేకలు వేయుచు పోయినచో ఇంకను బెదరును. ఇంటివారిలో ఒక్కరే పోయి, నేలపై కూర్చుండి, పేరు పిలిచి అన్నము పెట్టవలెను. చాల కుక్కలు కాలిన స్థలమునకే తిరిగివచ్చి బూడిదమీద పరుండును. దానికి తెలిసిన ఇల్లు అదియే కదా! అచటినుండి తరుముటకన్న, యజమానుడు కట్టిన పాత పంచెనో, ఇంటి గోనెనో క్రొత్త చోట పరచి, అచ్చటనే ప్రతిదినము ఒకే వేళకు మేత పెట్టినచో క్రమముగా అది ఆ చోటిని తన యిల్లుగా గ్రహించును.

కొన్ని కుక్కలు నెలల వరకు పొయ్యి పొగ చూచి వణకును. బాణసంచా మ్రోతకు పరుగిడును. పిల్లవాడు వెనుకనుండి తాకినను ఉలికిపడి కరవబోవును. ఇది పిచ్చి కాదు, భయము. కొట్టినచో భయము హెచ్చును. నిప్పునుండి దూరముగా నుంచి, రోజుకొక అడుగు దగ్గరకు తెచ్చి, ప్రతిసారి మేత పెట్టి నెమ్మదిగా అలవాటు చేయవలెను. ఇంటి పిల్లలకు ఈ పని అప్పగించుట మంచిది. అగ్నిని కన్నులార చూచిన పిల్లలకు రాత్రులందు నిదుర రాదు. కుక్కను నెమ్మదింపజేయుచు తామును నెమ్మదింతురు. అయినను నిదురించుచున్న కుక్కను గాని, పిల్లలకు పాలిచ్చుచున్న కుక్కను గాని తాకరాదని వారికి ముందుగా నేర్పవలెను.

కాటు, టీకా, చట్టము

ఊరికి కలుగు భయము న్యాయమైనదే. కుక్క కాటువలన వచ్చు పిచ్చివ్యాధి బయటపడిన పిమ్మట దాదాపు ఎల్లప్పుడును మరణమే. అయితే అది రాకుండ పూర్తిగా ఆపదగిన వ్యాధి. 1885లో లూయీ పాశ్చరు జోసెఫ్ మైస్టరు అను బాలునికి టీకా వేసి ప్రాణము కాపాడిననాటినుండి లోకమునకు ఈ మార్గము తెలిసినది. పాశ్చరు మరణించిన సెప్టెంబరు 28వ తేదీని ప్రపంచ రేబీసు దినముగ పాటించుచున్నారు.

కరచిన వెంటనే గాయమును సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, నూనె, పసరు పెట్టరాదు. అదే దినమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి మొదటి టీకా వేయించుకొనవలెను. చర్మములో వేయు పద్ధతిలో తరువాతి టీకాలు 3వ, 7వ, 28వ దినములందు వేయుదురు. రక్తము కారు గాయమైనచో గాయముచుట్టును వేయు ఇమ్యునోగ్లాబ్యులిను కూడ అవసరము. నొప్పి తగ్గినదని నడుమ మానుట ప్రాణాపాయము.

కుక్కలలో నూటికి 70కి టీకాలు వేసినచో ఆ ప్రాంతమున వ్యాధి వ్యాప్తి ఆగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. మూడు నెలలు నిండిన కుక్కపిల్లకు టీకా వేయించి, తరువాత ఏటేట వేయింపవలెను. ఇల్లు కాలిన కుటుంబము యొక్క కుక్కలకు ఆ వారములోనే టీకా వేయించుట పంచాయతీ చేయదగిన మొదటి పని. దానితో ఊరివారి భయము సగము తీరును. ఆ కుక్కను కొట్టి చంపవలెనను మాట తగ్గును.

ఇచట చట్టమును గూర్చి స్పష్టముగా తెలిసికొనవలెను. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ననుసరించి కుక్కలను విషముచేతను, క్రూరమగు ఇతర విధములచేతను చంపుట నేరము. 2023 నాటి భారతీయ న్యాయ సంహిత 325వ విభాగము ననుసరించి జంతువును చంపుట, అంగహీనము చేయుట ఐదేండ్ల వరకు శిక్షార్హము. వీధికుక్కల సంఖ్యను తగ్గించుటకు 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నియమములు చూపిన మార్గము: పట్టి, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడుచుట. ఈ బాధ్యత స్థానిక సంస్థలది. ఊరి ఒత్తిడికి లోబడి విషము పెట్టించిన సభ్యుడు తాను నేరస్థుడగును. చచ్చిన కుక్కల స్థానమున కొలది కాలములో టీకాలు లేని క్రొత్త కుక్కలు వచ్చి చేరును.

అడవి సమీపమున నున్న ఇచ్చోడవంటి ప్రాంతములకు టీకాలవలన మరియొక లాభము. పాత ఆదిలాబాదు జిల్లాలోని కవ్వాలు అడవి 2012లో పులుల సంరక్షణ ప్రాంతముగ ప్రకటింపబడినది. కుక్కలవలన వ్యాపించు డిస్టెంపరు వంటి వ్యాధులు అడవి మృగములకును సోకగలవు. ఊరి కుక్క ఆరోగ్యము అడవి ఆరోగ్యము కూడ.

మన సాహిత్యమునకు ఈ విచారము క్రొత్తది కాదు. మహాభారతము ఆదిపర్వమున జనమేజయుని సోదరులు నిష్కారణముగ కొట్టిన కుక్కపిల్ల తల్లి సరమ రాజు యాగము చేయు చోటికి వచ్చి న్యాయ మడుగును. ఆ కథ చివరను ధర్మరాజు తన వెంట నడచిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలుచును. పాలకునకు న్యాయ మడుగుటకు వచ్చిన కుక్కతో ప్రారంభమైన గ్రంథము, దానిని విడువని పాలకునితో ముగియుచున్నది. పంచాయతీ సభ్యుడును చిన్న పాలకుడే.

స్థలము, పట్టా, క్రొత్త ఇల్లు

ఇల్లు కట్టుటకు ముందు స్థలము ఎవరిదను ప్రశ్న వచ్చును. ఆదిలాబాదు గిరిజనులకు ఈ ప్రశ్న చరిత్రలో చాల చేదైనది. నిజాము కాలమున రక్షిత అడవుల హద్దులు గీయబడినప్పుడు అనేక గోండు, కొలాము గూడెములు ఖాళీ చేయింపబడినవి. ఇండ్లకు నిప్పు పెట్టుటయు జరిగినది. ఆ బాధలనుండి పుట్టిన కుమురం భీము పోరాటము 1940లో జోడేఘాటున ఆయన వీరమరణముతో ముగిసినది. అటుపిమ్మట ప్రభుత్వము మానవశాస్త్రవేత్త హైమెండార్ఫును పిలిపించి ఈ సీమ స్థితిగతులను పరిశీలింపజేసెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము ప్రారంభమాయెను. గిరిజనులకు భూమి పట్టాలు ఇచ్చు కార్యక్రమమును సాగెను. కాలిన ఇండ్లు మరల లేచుటకు వెదురు, మట్టి చాలును. అవి నిలుచుటకు పట్టా కావలసివచ్చెను. ఈనాడును అదే పాఠము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద హక్కు పత్రము పొందవలసినవారి జాబితా పంచాయతీవద్ద సిద్ధముగ నుండవలెను.

పునర్నిర్మాణమునకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ప్రారంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకము క్రింద సొంత స్థలమున్న అర్హులకు రు. 5,00,000 దశలవారీగ ఇచ్చు ఏర్పాటు కలదు. కొలాములు, తోటీలవంటి మిక్కిలి వెనుకబడిన ఆదివాసులకొరకు 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకములోను ఇండ్ల నిర్మాణము చేరియున్నది. ఒక పథకమునకు దరఖాస్తు పెట్టినప్పుడు మరియొక సహాయము పోవునా యని ముందుగా మండల పరిషత్తు కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను.

క్రొత్త ఇల్లు పాత తప్పులను మరల చేయరాదు. వంటకు వేరు గది. కొట్టము, చొప్పవాము ఇంటికి దూరముగ, గాలివాలు చూచి. ప్రత్తికి వేరు చోటు, అందు పొయ్యి, దీపము, చుట్ట నిషిద్ధము. పురుగుమందులకు తాళముగల పెట్టె, ఇంటి బయట. విద్యుత్తునకు మంచి తీగలు, స్వయముగ ఆగు మీటలు, భూమి తీగ. వెనుకనొక రెండవ తలుపు. కుక్కకు వాకిట పక్కగ ఎండ తగులని గట్టు కట్టినచో అది తన చోటని యెఱుగును. దానిని రాత్రి గొలుసుతో బిగించి తాళము వేయుట తగదు; ఒక్క లాగున విడిపోవు ముడి వేయవలెను. మన పాఠములోని ముసలి కుక్క బ్రతికినది ఎవరో గొలుసు విప్పినందున. విప్పువాడు ప్రతిసారి దొరకడు.

బావి ముందే త్రవ్వవలెను

“ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు” అనునది రెండవ సామెత. పల్లె ప్రగతి కార్యక్రమముచే తెలంగాణములోని పంచాయతీలకు ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు సమకూడినవి. డిసెంబరునుండి మే వరకు ప్రతి రాత్రియు ఆ ట్యాంకరు నిండుగ నుండవలెను. తాళముచెవి ఎవరివద్ద నున్నదో ఊరందరికి తెలియవలెను. చిన్న మోటారు, పొడవైన గొట్టము దానికి జతచేసినచో అగ్నిమాపక వాహనము వచ్చువరకు పొరుగిండ్లను కాపాడవచ్చును. ప్రత్తి ఇంటికి చేరకముందు ఒకసారి, ఇప్పపూవు రాలకముందు ఒకసారి గ్రామసభలో అగ్నిని గూర్చి మాట్లాడవలెను. కుక్కల టీకా దినమును ఆ సభయందే నిర్ణయింపవచ్చును.

మన పాఠములోని కుటుంబము మొదటి వాన కురియకముందు క్రొత్త కప్పు క్రిందికి చేరవలెను. అది జరిగినదో లేదో చూచుటకు సభ్యుడు ఒకనాటి రాత్రి ఆ వాకిటికి పోవలెను. క్రొత్త గట్టుమీద పరుండిన ముసలి కుక్క లేచి మొరిగినచో, ఆ యిల్లు నిలిచినదని తెలిసికొనవచ్చును.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన పంచాయతీ గృహముల పట్టికలో పేరులేని ఇండ్లు ఎన్ని? వానిని చేర్చుటకు ఏమి చేయవలెను?

2. “కచ్చా ఇల్లు”, “గుడిసె” అను మాటల భేదమును మన గూడెములోని ఇండ్లను చూపి వివరింపుడు.

3. ఈ రాత్రి మంట లేచినచో ట్యాంకరులో నీరున్నదా? తాళముచెవి ఎవరివద్ద నున్నది?

4. మన ఊరిలో పెంపుడు కుక్కలెన్ని, వీధికుక్కలెన్ని? ఈ సంవత్సరము వానిలో ఎన్నిటికి టీకాలు వేయించితిమి?

5. ఇల్లు కాలిన కుటుంబమునకు మూడవ నెలలో మన సహాయము ఎట్లుండవలెను?